ఓటు వేశారా, పడిందా, పోయిందా?

ఒక పేరు, డజను క్రియలు. ఏ క్రియ వాడారన్నదాన్ని బట్టి ఆ పని ఎవరు చేశారో తెలిసిపోతుంది. కొన్నిసార్లు తెలియకుండానూ పోతుంది.

పోలింగ్ జరిగిన మర్నాడు ఏ తెలుగు దినపత్రిక తిరగేసినా ఒక గమ్మత్తు కనిపిస్తుంది. ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, సినిమా హీరో, క్రికెటర్.. వీరంతా "ఓటు హక్కును వినియోగించుకుంటారు". సకుటుంబంగా, సిరా చుక్క పెట్టిన వేలిని కెమెరాకు చూపుతూ. అదే పేజీ అడుగున, ఆ పూట కూలి వదులుకుని ఎండలో గంటలకొద్దీ నిలబడినవాళ్లు మాత్రం "ఓట్లు వేస్తారు". ఇంకాస్త కిందికి, నియోజకవర్గాల వారీ పట్టికలోకి వచ్చేసరికి వాళ్లు ఓటు వేయను కూడా వేయరు. అక్కడ "ఓట్లు పడతాయి", "పోలింగ్ నమోదవుతుంది". మీట ఒకటే, బీప్‌మనే చప్పుడు ఒకటే, వేలిపై సిరా ఒకటే. మారింది క్రియ మాత్రమే.

పేరుకు తగిన క్రియను జతచేయడం తెలుగు నేర్చుకునేవారిని ముప్పుతిప్పలు పెట్టే వ్యవహారం. మనం కల కంటాం, పందెం కాస్తాం, కునుకు తీస్తాం, పేచీ పెట్టుకుంటాం, లెక్క కడతాం. ఇందులో ఏ జంటకూ చెప్పదగ్గ నియమం లేదు. "రాత్రి కల చేశాను" అన్న పొరుగు రాష్ట్రం మిత్రుణ్ని చూసి నవ్వుతామే తప్ప అది ఎందుకు తప్పో వివరించలేం. ఇంతవరకూ ఇది భాషా పాఠం. అయితే కొన్ని పేర్లకు ఒకటి కాదు, పదీ పన్నెండు క్రియలు అతుకుతాయి. అలాంటప్పుడు ఏది ఎంచుకున్నారన్నది వట్టి అలవాటుగా కొట్టిపారేయదగ్గ విషయం కాదు. పని ఎవరు చేశారు, లాభం ఎవరికి, జవాబు చెప్పాల్సింది ఎవరు అనే ప్రశ్నలకు సమాధానం ఆ క్రియలోనే ఉంటుంది, లేదా అందులోనే దాక్కుంటుంది. మన ప్రజాజీవితంలో ఇందుకు "ఓటు"ను మించిన సాక్ష్యం లేదు.

ముందుగా ఆ పేరు సంగతి. హిందీ, మరాఠీ, కన్నడ భాషలు ఓటుకు "మత" అనే సంస్కృత పదాన్ని పెట్టుకున్నాయి. అభిప్రాయం అని దాని అర్థం. తెలుగువాళ్లకు ఆ సౌకర్యం లేకపోయింది. మనకు మతమంటే హిందువా, ముస్లిమా, క్రైస్తవుడా అన్నదే. "మీ మతం ఎవరికి వేశారు?" అని అడిగితే పోలింగ్ కేంద్రం దగ్గర నిషేధాజ్ఞలు పెట్టాల్సి వస్తుంది. దాంతో ఇంగ్లీషు మాటే ఖాయమైంది, అదీ కొంత ఇబ్బందితోనే. "ఓటి కుండ"లోని ఓటికి తెలుగులో అప్పటికే పగులు, బీట అనే అర్థం ఉంది. ఇంగ్లీషు మాట మూలానికి వెళితే లాటిన్‌లో "వోటుమ్" తేలుతుంది. దానికి అర్థం మొక్కు, ఒట్టు. మొక్కు నుంచి "మొక్కుబడి" పుట్టించి, దానికి పైపై పని అనే అర్థాన్ని అంటగట్టిన భాష మనది. ఓటుకూ ఒట్టుకూ ఉన్న చుట్టరికం మాత్రం మన అభ్యర్థులకు లాటిన్ రాకపోయినా బాగానే తెలుసు. పోలింగ్ ముందు రాత్రి కవరు చేతిలో పెట్టి దేవుడి పటం మీద ఒట్టు వేయించుకునే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నదే.

"వేయడం" ఎక్కడి నుంచి వచ్చింది? దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగినప్పుడు అది ఉపమానం కాదు, అక్షరాలా జరిగిన పని. అక్షరాస్యత సుమారు 18 శాతమే ఉన్న రోజులవి. ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక పెట్టె పెట్టి, దానిపై ఆయన గుర్తు అంటించేవారు. ఓటరు చీటీపై ఏమీ రాయనక్కర్లేదు, ముద్ర కొట్టనక్కర్లేదు. తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి రావడమే. బియ్యం డబ్బాలో వేసినట్లు, ఉత్తరం పోస్టుడబ్బాలో వేసినట్లు ఓటు పెట్టెలో వేశారు. ఆ చేతి కదలిక నుంచి వచ్చిన క్రియ కాబట్టే అది చదువురాని నోళ్లలో కూడా ఇట్టే కుదురుకుంది.

1960ల మొదట్లో పద్ధతి మారింది. అభ్యర్థులందరి గుర్తులూ ఒకే బ్యాలెట్ పత్రంపైకి వచ్చి, ఓటరు చేతికి రబ్బరు ముద్ర వచ్చింది. అప్పుడు తెలుగులో మరో క్రియ పుట్టింది, "గుద్దడం". ఫలానా గుర్తు మీద గుద్దామని ఓటరు చెప్పుకునేది ఒక అర్థం. ఫలానా ఊళ్లో బ్యాలెట్లన్నీ కలిపి గుద్దేశారు అన్నది మరో అర్థం. రెండోది వార్తల్లో ఎక్కువగా నిలిచింది. పశ్చిమ బెంగాల్లో సరిగ్గా ఇలాంటి మాటే ఉంది, "ఛాప్పా భోట్". ఒకడే కూర్చుని అందరి పేరుతో ముద్రలు కొట్టేయడమన్నమాట. తర్వాత ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా అవే. న్యాయంగా అయితే అప్పటి నుంచి మనం ఓటు "నొక్కాలి". ఎవరూ నొక్కలేదు. మీట నొక్కుతాం, ఓటు మాత్రం వేస్తాం. 2019 నుంచి ప్రతి యంత్రం పక్కనా వీవీప్యాట్ చేరడంతో విచిత్రంగా పాత క్రియే మళ్లీ నిజమైంది. చీటీ ఏడు సెకన్లు అద్దంలో కనిపించి పెట్టెలో పడుతుంది. తేడా ఒక్కటే: వేసే చేయి ఇప్పుడు మనిషిది కాదు.

ఈ ఒక్క "వేయు" చుట్టూ తెలుగు అల్లిన గూడు చూస్తే మరే భాషా ఇంత ఖచ్చితంగా ఎన్నికల నివేదిక ఇవ్వలేదనిపిస్తుంది. "ఓటు వేశాడు" అంటే పౌరుడు. "ఓటు వేయించాడు" అంటే ఊరి పెద్ద, కుల నాయకుడు, లేదా భార్య ఓటును తన జేబులో ఉన్నట్లు లెక్కేసే మొగుడు. "ఓట్లు వేయించుకున్నాడు" అంటే గెలిచాక ముఖం చూపించని ఎమ్మెల్యే. ఇక "ఓట్లు వేసుకున్నారు" అంటే నేరమే. ఎన్నికల చట్టంలో పేజీలకొద్దీ రాసిన రిగ్గింగ్‌ను తెలుగు ఒక్క "కొను"తో తేల్చేస్తుంది. తనకోసం తాను చేసుకున్నానని చెప్పే ఈ ప్రత్యయం అన్నం వండుకోవడంలో, తల దువ్వుకోవడంలో ఎంత అమాయకమైందో ఓటు పక్కన అంత ప్రమాదకరం. ఓట్లు దండుకుంటారు, కొల్లగొట్టుకుపోతారు, ఓటు అమ్ముకుంటారు. ప్రముఖుల "వినియోగించుకోవడం"లోనూ ఉన్నది ఆ "కొను"యే. అక్కడ మాత్రం దానికి మర్యాద అంటుకుంది. చట్టంలోని ఇంగ్లీషు పదబంధానికి అనువాదంగా వచ్చి, అధికార ప్రకటనల మీదుగా పత్రికల్లో స్థిరపడిన మాట అది. ఊళ్లో ఎవరైనా "నేను నా ఓటు హక్కు వినియోగించుకుని వస్తా" అని ఇంట్లో చెప్పి బయల్దేరడం ఎప్పుడైనా విన్నామా?

ఇరుగుపొరుగు భాషల్లోకి తొంగిచూస్తే ప్రతి ఒక్కటీ ఓటును ఒక్కో వస్తువుగా ఊహించుకుందని అర్థమవుతుంది. తమిళ వీధిలో "ఓట్టు పోడు", అంటే మనలాగే వేయడం. పుస్తకాల తమిళం మాత్రం "వాక్కళి" అంటుంది. వాక్కు ఇవ్వడం, మాట ఇవ్వడం. కన్నడిగులు మాట్లాడేటప్పుడు "ఓటు హాకు"తారు, రాసేటప్పుడు "మత చలాయిసు"తారు. మలయాళీలు తేలిగ్గా "వోట్టు చెయ్యుక" అని సరిపెడతారు గానీ అధికారికంగా వారిది "సమ్మతిదానం". సింహళంలో "ఛందయ దెనవా", తన ఇష్టాన్ని ఇవ్వడం. 1931లోనే స్త్రీ పురుషులందరికీ ఓటు దక్కిన దేశంలో ఆ మాటకు వయసు కూడా ఎక్కువే. నేపాలీలో ఓటును పెట్టెలోకి జారవిడుస్తారు. బెంగాలీలు ఇస్తారు. ఉర్దూ వాళ్లు మామూలుగా "వోట్ డాల్తే", అంటే వేస్తారు. పత్రికలోకి వచ్చేసరికి అది "హఖె రాయ్‌దహీ" వాడుకోవడమవుతుంది. వీటన్నిటిలోకీ ఆసక్తికరమైంది మరాఠీ. అక్కడ ఓటు హక్కును "బజావ"తారు. కర్తవ్యం నెరవేర్చడానికి వాడే క్రియ అదే. హక్కుకూ బాధ్యతకూ ఒకే క్రియ పెట్టి, ఎన్నికల సంఘం కోట్లు ఖర్చుపెట్టి చెప్పే నీతిని మరాఠీ రెండు మాటల్లో చెప్పేసింది.

హిందీ "మత్‌దాన్" దగ్గర మాత్రం ఆగాల్సిందే. గోదానం, కన్యాదానం, రక్తదానం వరసలో ఓటును చేర్చిన మాట అది. దానం చేసినవాడికి ఆ వస్తువుపై తర్వాత హక్కుండదు. పుచ్చుకున్నవాడిని లెక్క అడగడం దాతకు తగని పని. ఇంతకన్నా నాయకులకు అనుకూలమైన క్రియ మరొకటి ఉండదేమో. మన గోడల మీది రాతల్లోనూ ఇదే ధోరణి. "మీ అమూల్యమైన, పవిత్రమైన ఓటును" ఫలానా గుర్తుకు "వేసి" అత్యధిక మెజారిటీతో "గెలిపించ ప్రార్థన". ఒకే వాక్యంలో ఓటరు దేవుడూ అయ్యాడు, దాతా అయ్యాడు. అడిగే అధికారం ఉన్న యజమాని మాత్రం కాలేదు.

చట్టం కూడా ఓటును "ఇస్తుంది". 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 59వ సెక్షన్ ఓట్లను బ్యాలెట్ ద్వారా ఇవ్వాలని చెబుతుంది. మాటల మీద ఇంత పట్టింపు దేనికి అనుకునేవారు కేరళలోని పరవూరు కథ గుర్తుచేసుకోవాలి. 1982 మేలో ఆ అసెంబ్లీ స్థానంలోని 50 పోలింగ్ కేంద్రాల్లో దేశంలోనే తొలిసారి ఓటింగ్ యంత్రాలు వాడారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ కోర్టుకెక్కారు. యంత్రం మోసం చేసిందన్నది కాదు, చట్టంలోని "బ్యాలెట్" అనే మాటలో యంత్రం ఇమడదన్నది కీలక వాదన. 1984లో సుప్రీంకోర్టు అవునంది. ఆ 50 కేంద్రాల్లో కాగితంపై మళ్లీ పోలింగ్ పెడితే గెలుపు తారుమారై జోస్ ఎమ్మెల్యే అయ్యారు. ఆ తర్వాతే పార్లమెంటు 61ఎ సెక్షన్ చేర్చి, ఓట్లను యంత్రం ద్వారా ఇవ్వడానికీ, నమోదు చేయడానికీ దారి వేసింది. "ఇవ్వడం" పక్కన "నమోదు చేయడం" చేరింది. మన పత్రికల్లో పోలింగ్ "నమోదయ్యే"ది ఈ రెండో క్రియ పుణ్యమే కావచ్చు.

ఇంకా లోతైన పేచీ మరోటుంది. ఓటు హక్కు రాజ్యాంగం ఇచ్చిందా, చట్టం ఇచ్చిందా? 1952లోనే పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు అది కేవలం చట్టం కల్పించిన హక్కని తేల్చింది. చట్టం ఇచ్చినదాన్ని చట్టం వెనక్కి తీసుకోగలదు. 2003లో అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వెల్లడిపై పీయూసీఎల్ వేసిన కేసులో జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ఒక సున్నితమైన గీత గీశారు. ఓటు హక్కు కలిగి ఉండటం వేరు, బూత్‌లోకి వెళ్లి ఫలానా అభ్యర్థి కావాలని ఎంచుకోవడం వేరు. ఆ రెండోది భావప్రకటన, ప్రాథమిక హక్కుల్లో భాగం. తెలుగులో చెప్పాలంటే ఓటు "ఉండటం" ఒకటి, ఓటు "వేయడం" ఒకటి. 2013 సెప్టెంబర్‌లో నోటాను తెచ్చిన తీర్పు ఈ గీత మీదే నిలబడింది. ఎవరూ నచ్చలేదని చెప్పడం కూడా చెప్పడమే కదా! అంతకుముందు అలా చెప్పదలచినవాడు పోలింగ్ అధికారి ముందు రిజిస్టర్‌లో సంతకం చేసి మరీ చెప్పాలి. అంటే రహస్యంగా వేయవచ్చు గానీ రహస్యంగా నిరాకరించే వీల్లేదు. ఇప్పుడు నోటాకూ జనం ఓటు "వేస్తున్నారు".

డబ్బు దగ్గరికొస్తే క్రియలు ఇంకా కంగారు పెడతాయి. అభ్యర్థి ఓటర్లకు డబ్బు ఇవ్వడం లంచం. భారతీయ శిక్షాస్మృతి 171బి సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 170వ సెక్షన్ ఇచ్చినవాడినీ, పుచ్చుకున్నవాడినీ సమానంగా నేరస్థుల్ని చేస్తాయి. వాడుకలో ఈ రెండు క్రియలూ కనిపించవు. డబ్బు "పంచుతారు", పెళ్లిలో తాంబూలం పంచినట్లు, గుడిలో ప్రసాదం పంచినట్లు. తమిళ పత్రికలు దీన్ని "పణ పట్టువాడా" అంటాయి. మన బట్వాడాయే. జీతాలు, ఉత్తరాలు బట్వాడా చేసే పద్ధతిలో ఓటుకు డబ్బూ ఒక కార్యాలయ విధిగా మారింది. 2009 తిరుమంగళం ఉప ఎన్నికతో పేరుకెక్కిన ఈ "ఫార్ములా" పుణ్యాన 2016లో అరవకురిచ్చి, తంజావూరు, 2017లో ఆర్కే నగర్, 2019లో వేలూరు లోక్‌సభ ఎన్నికలను సంఘం రద్దు చేయాల్సి వచ్చింది.

తెలుగు నేల వెనకబడిందేమీ లేదు. 2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు కొన్ని గ్రామాల్లో జనం నిరసనకు దిగారన్న వార్తలొచ్చాయి. వారి ఫిర్యాదు డబ్బులిచ్చారని కాదు, తమకు "అందలేదు" అని. ఈ క్రియను గమనించాలి. పింఛను అందుతుంది, రేషన్ అందుతుంది, ఎరువుల రాయితీ అందుతుంది. రావాల్సినది రాకపోతే "అందలేదు" అంటాం. లంచం పక్కన ఈ క్రియ చేరిందంటే అది జనం లెక్కలో లంచం జాబితా నుంచి హక్కు జాబితాలోకి మారిపోయిందన్నమాట. సంస్కర్తలు దీనికి విరుగుడుగా "ఓటు అమ్ముకోవద్దు" అంటున్నారు. మంచి నినాదమే. కాకపోతే అందులో కర్త ఓటరొక్కడే. ఒక నియోజకవర్గంలో కోట్లు కుమ్మరించే కొనుగోలుదారు ఆ వాక్యంలో ఎక్కడా లేడు. అమ్ముకునేవాడికి సిగ్గు, కొనేవాడికి మౌనం. ఇది న్యాయం కాదు.

ఇక "ఓటుకు నోటు". ప్రాస కుదిరింది గనుక పత్రికలు వదల్లేవు. 2008 జూలై 22న విశ్వాస పరీక్ష సందర్భంగా లోక్‌సభలో నోట్ల కట్టలు ఊపినప్పుడు, 2015లో తెలంగాణ శాసనమండలి ఎన్నిక వివాదంలో, ఇదే శీర్షిక. ఇందులో అసలు క్రియే లేదు. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఇచ్చారా లేక ఇవ్వబోయారా అన్నవేవీ చెప్పనక్కర్లేని సౌకర్యం. న్యాయస్థానాలకు ఆ సౌకర్యం లేదు. 1993లో పీవీ నరసింహారావు ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం నాటి జేఎంఎం ముడుపుల కేసులో 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు క్రియల లెక్కన ఒక వింత. డబ్బు తీసుకుని సభలో ఓటు వేసిన ఎంపీలకు రాజ్యాంగ రక్షణ ఉందంది. డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణ ఉండీ ఓటు వేయని సభ్యుడికి మాత్రం లేదంది! ఈ చిక్కుముడి విడటానికి పాతికేళ్లు పట్టింది. 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. లంచం తీసుకోవడంతోనే నేరం పూర్తవుతుంది, ఆ తర్వాత ఓటు ఎటు వేశాడు, వేశాడా లేదా అన్నది అనవసరమని చెప్పింది.

ఇంతవరకూ ఓటు ఉన్నవాళ్ల గొడవ. లేకుండా పోయినవాళ్ల సంగతికి వస్తే భాష చేసే మాయ పరాకాష్ఠకు చేరుతుంది. 2018 డిసెంబర్ 7న తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల రోజు ఎంతోమంది పోలింగ్ కేంద్రానికి వెళ్లి జాబితాలో పేరు లేక వెనుదిరిగారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల వారిలో ఒకరు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. పత్రికల శీర్షిక "ఓట్లు గల్లంతు". గోదావరిలో పడవ మునిగితే గల్లంతవుతారు, వరదలో పశువులు గల్లంతవుతాయి. ప్రకృతి చేసిన పనికి వాడే మాట అది. ఓటరు జాబితాలోంచి పేరు తీయాలంటే మాత్రం ఒక మనిషి ఫారం నింపాలి, మరొకరు విచారించాలి, ఇంకొకరు ఉత్తర్వు ఇవ్వాలి.

తెలుగుకు కర్మణి వాక్యం సహజం కాదని వ్యాకర్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. "తొలగించబడింది" అన్నది ఇంగ్లీషు వాసన కొడుతుంది, నిజమే. అయితే ఆ వికారపు వాక్యంలో కనీసం "ఎవరిచేత?" అని అడగడానికి చోటుంటుంది. మనకు దాని అవసరం లేకుండానే కర్తను మాయం చేసే సాధనం మరోటుంది. వేయడానికి జంట పడటం. తీసేయడానికి జంట పోవడం. "నా ఓటు తీసేశారు" అన్నవాడు అధికారిని నిలదీస్తున్నాడు. "నా ఓటు పోయింది" అన్నవాడు తన తలరాతను తిట్టుకుంటున్నాడు. హిందీ పల్లెల్లోనూ అంతే. "నామ్ కాట్ దియా" అంటే కొట్టేశారు. "నామ్ కట్ గయా" అంటే దానంతటదే తెగిపోయింది. ఎక్కువగా వినిపించేది రెండోదే.

ఇది కొత్త జబ్బు కాదు. తొలి ఎన్నికల్లోనే దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లు జాబితాకెక్కలేదు. ఫలానావారి భార్య, ఫలానావాడి తల్లి అని చెప్పారే తప్ప సొంత పేరు చెప్పలేదని నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ వాటిని కొట్టివేయించారు. ఎక్కువ మంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ఆ నిర్ణయం తప్పో ఒప్పో గానీ, కర్త ఎవరో దాచలేదు. తాము తీసేయించామనీ, ఎందుకో కూడా అధికారికంగా చెప్పారు.

2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సమగ్ర సవరణ ఈ క్రియల తగాదాను ఏకంగా సుప్రీంకోర్టు మెట్లెక్కించింది. సవరణకు ముందు ఓటర్లు 7.89 కోట్లు. ఆగస్టు 1న వెలువడిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. సంఘం లెక్క ప్రకారం 22 లక్షల మంది చనిపోయారు, 36 లక్షల మంది శాశ్వతంగా వెళ్లిపోయారు లేదా దొరకలేదు, 7 లక్షల మంది ఒకటికి మించిన చోట్ల నమోదయ్యారు. ఇంతకీ ఈ 65 లక్షల పేర్లను "తొలగించారా", లేక కొత్త ముసాయిదాలో "చేర్చలేదా"? ప్రతిపక్షాలదీ, పిటిషనర్లదీ మొదటి మాట. సంఘానిది రెండోది. చేర్చనివారి జాబితా విడిగా ఇవ్వాలనీ, కారణాలు ప్రచురించాలనీ నిబంధనలు చెప్పడం లేదని ఆగస్టు 9న కోర్టుకు ప్రమాణపత్రం ఇచ్చింది. ఇది పదాల చిలవలు పలవలు కాదు. ఉన్న పేరు తొలగించాలంటే చట్టప్రకారం నోటీసు ఇవ్వాలి, వాదన వినాలి. 1995 లాల్‌బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన సంగతే అది. అసలు చేర్చనే లేదంటే నోటీసు ప్రశ్నే రాదు. ఒక్క క్రియ మారితే 65 లక్షల మంది నిరూపించుకునే భారం ప్రభుత్వం భుజం మీది నుంచి వాళ్ల భుజం మీదికి మారుతుంది.

అదే నెలలో రాహుల్ గాంధీ మరో క్రియను తెచ్చారు. బెంగళూరు మహదేవపురలో లక్షకు పైగా దొంగ ఓట్లు చేరాయని ఆరోపిస్తూ "వోట్ చోరీ" అన్నారు. సంఘం దాన్ని తోసిపుచ్చింది, ప్రమాణపూర్వకంగా రాసివ్వమంది. చోరీ అన్న మాటకు ఒక గుణముంది. దొంగ లేకుండా దొంగతనం ఉండదు కాబట్టి అది కర్తను వెతికిస్తుంది. ఒక దోషం కూడా ఉంది. విచారణ కన్నా ముందే తీర్పు చెప్పేస్తుంది. బూత్ స్థాయి అధికారి బద్ధకం, వలస కూలీ తాళం వేసిన ఇల్లు, కంప్యూటర్‌లో తప్పు పడిన ఇంటి నంబరు.. వీటన్నిటినీ ఒకే దొంగ ఖాతాలో వేస్తుంది. "గల్లంతు"లో కర్త లేడు, "చోరీ"లో కర్త ముందే ఖరారు. ఈ రెంటి మధ్య "తీసేశారు" అనే చిన్న మాట ఉంది. ఎవరు, ఎందుకు, ఎప్పుడు అని మూడు ప్రశ్నలు వేయిస్తుంది. విలేకరికి పనికొచ్చేది అదే. శీర్షికలో ఇమడదు, ప్రాస కుదరదు.

ఆగస్టు 12న విచారణ జరుగుతుండగా యోగేంద్ర యాదవ్ ఇద్దరు వ్యక్తులను ధర్మాసనం ముందు నిలబెట్టారు. జాబితా లెక్కలో ఆ ఇద్దరూ "మరణించారు". రెండు రోజుల తర్వాత, ఆగస్టు 14న, ముసాయిదాలో లేని సుమారు 65 లక్షల పేర్లనూ బూత్‌ల వారీగా జిల్లా ఎన్నికల అధికారుల వెబ్‌సైట్లలో పెట్టాలనీ, ఒక్కో పేరుకు ఎదురుగా అది ఎందుకు లేదో రాయాలనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. సెప్టెంబర్ 30న తుది జాబితా వచ్చేనాటికి 21.53 లక్షల పేర్లు చేరాయి, ముసాయిదా నుంచి మరో 3.66 లక్షలు తీసేశారు. మొత్తం 7.42 కోట్లు. అక్టోబర్ 27న సంఘం రెండో విడత సవరణకు 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల పేర్లు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో లేవు. పుదుచ్చేరి ఉంది, దాంతోపాటు యానాం కూడా. గోదావరి ఒడ్డున ఉన్న ఆ తెలుగు ఊరి ఓటర్ల ఇళ్లకు నవంబర్ 4 నుంచి ఫారాలు పంచారు.